అమ్మానాన్నలు, పిల్లలతో లేక్ మిషిగన్ తీరానికి ఐదు రోజులు: ఏ పార్కులు ఉంచుకోవాలి, ఏవి వదిలేయాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఆగస్టు మొదటి వారంలో ఐదు రోజుల సెలవు. డెట్రాయిట్ శివారు నోవై నుంచి మినీవ్యాన్ అద్దెకు తీసుకుని బయలుదేరతారు. ఒంగోలు నుంచి వచ్చిన మీ అమ్మగారు, నాన్నగారు, తొమ్మిదేళ్ళ బాబు, ఐదేళ్ళ పాప, మీరిద్దరు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పి. లిస్టులో వారెన్ డ్యూన్స్, హాలండ్, లూడింగ్‌టన్, స్లీపింగ్ బేర్, పెటోస్కీ, మాకినా ద్వీపం, టక్వామెనన్ జలపాతాలు రాశారు. ఇందులో ఏది ముందు, ఏది వెనక అని అడిగారు.

ముందుగా వీటిలో ఓ మూడు కొట్టేయండి. ఐదు రోజుల్లో ఏడు చోట్లు తిరిగితే పెద్దవాళ్ళకు గుర్తుండేది హైవేలూ, గ్యాస్ స్టేషన్లూ మాత్రమే. వారెన్ డ్యూన్స్ రాష్ట్రానికి నైరుతి మూలన, ఇండియానా సరిహద్దు దగ్గర ఉంది. వారాంతాల్లో షికాగో జనమంతా అక్కడే ఉంటారు, పైగా మీరు వెళ్ళాల్సింది ఉత్తరానికి. హాలండ్ మీ ఇంటి నుంచి మూడు గంటల లోపే. ఏ సెప్టెంబరు శనివారమో పొద్దున వెళ్ళి రాత్రికి వచ్చేయొచ్చు. టక్వామెనన్ మాకినా వంతెన దాటాక ఇంకో గంటన్నర పైనే. టీ డికాక్షన్ రంగు నీళ్ళు, 50 అడుగుల ఎత్తు నుంచి దూకే జలపాతం, తప్పకుండా చూడాల్సిందే. కానీ ఆకులు రంగు మారే రోజుల్లో వెళితే దాని అందం రెట్టింపవుతుంది. దాన్ని విడిగా పెట్టుకోండి.

మిగిలినవి నాలుగు: లూడింగ్‌టన్, స్లీపింగ్ బేర్, పెటోస్కీ, మాకినా. నాలుగూ ఒకే దారిలో కింద నుంచి పైకి వరసగా ఉన్నాయి, వెనక్కి తిరిగే పని లేదు. మొదటి రాత్రి లూడింగ్‌టన్‌లో, రెండో, మూడో రాత్రులు స్లీపింగ్ బేర్ దగ్గరి ఊళ్ళు ట్రావర్స్ సిటీ లేదా ఎంపైర్ చుట్టుపక్కల, నాలుగో రాత్రి ద్వీపానికి ఫెర్రీ ఎక్కే ఊరు మాకినా సిటీలో ఉండండి. అయిదో రోజు ఐ-75 పట్టుకుంటే నాలుగు గంటల్లో ఇల్లు. వీలైతే ఆదివారం బయలుదేరి గురువారం తిరిగొచ్చేలా చూసుకోండి. శుక్ర, శనివారాల్లో హోటల్ రేట్లూ ఎక్కువే, పార్కింగ్ టెన్షనూ ఎక్కువే.

ఇక అసలు విషయం గాలి. మీరు అడగలేదు కానీ మిగతా అన్నిటికన్నా ఇదే ముఖ్యం. చాలామంది ఫోన్‌లో ఎండ బొమ్మ కనబడగానే బీచ్‌కి బయలుదేరతారు. ఈ తీరంలో ఎండను బట్టి కాదు, గాలి ఎటునుంచి వీస్తోందన్నదాన్ని బట్టి ప్లాన్ వేసుకోవాలి.

లేక్ మిషిగన్ ఉత్తర దక్షిణాలుగా 307 మైళ్ళ పొడవు, అత్యధిక వెడల్పు 118 మైళ్ళు. మీరు దాని తూర్పు ఒడ్డున ఉంటారు. పడమటి గాలి వీస్తే పైనున్న వెచ్చటి నీళ్ళన్నీ మీ ఒడ్డుకు చేరతాయి, కాబట్టి నీళ్ళు హాయిగా ఉంటాయి. కానీ అదే గాలి విస్కాన్సిన్ నుంచి అడ్డు లేకుండా నీళ్ళ మీదుగా వచ్చి అలల్ని లేపుతుంది. సముద్రంలో ఒక అలకూ ఇంకో అలకూ మధ్య ఊపిరి తీసుకునే వ్యవధి ఉంటుంది. ఇక్కడ గాలి గట్టిగా ఉన్న రోజున నాలుగైదు సెకన్లకొక అల వచ్చి మీద పడుతుంది. పడ్డ పిల్లవాడు లేచి నిలబడేలోపు రెండోది వచ్చేస్తుంది.

తూర్పు గాలి కథ ఇంకో రకం. నేల మీద నుంచి నీళ్ళ మీదికి వీస్తుంది కాబట్టి ఒడ్డు దగ్గర అలలే ఉండవు. చూడ్డానికి అద్దంలా, ఎంతో సురక్షితంగా కనిపిస్తుంది. కానీ పైనున్న వెచ్చటి నీటిని గాలి లోపలికి నెట్టేయడంతో అడుగునున్న చల్లటి నీళ్ళు పైకి తేలతాయి. ముందురోజు 70 ఫారెన్‌హీట్ ఉన్న నీళ్ళు తెల్లారేసరికి 50ల్లోకి పడిపోవడం ఈ తీరంలో మామూలే. రెండో ప్రమాదం గాలి నింపిన ట్యూబులూ, బాతు బొమ్మలూ. తూర్పు గాలి వాటిని ఒడ్డు నుంచి లోపలికి లాక్కుపోతుంది, మీరు ఈదుకుంటూ వెళ్ళినా అందవు. పాప ట్యూబులో ఉంటే ఒకరు దాన్ని చేత్తో పట్టుకునే ఉండాలి. అసలు ట్యూబు మానేసి కోస్ట్ గార్డ్ ఆమోద ముద్ర ఉన్న లైఫ్ జాకెట్ వేయడం మంచిది. చేతులకు తొడిగే గాలి బుడగలు దానికి సాటి రావు.

మిషిగన్ స్టేట్ పార్కు బీచ్‌లలో లైఫ్‌గార్డులు ఉండరు. చాలామంది మనవాళ్ళకు ఇది తెలియదు. వాళ్ళ బదులు జెండాలు ఉంటాయి. పచ్చ జెండా అంటే ప్రశాంతం, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే దిగొద్దు. రెండు ఎర్ర జెండాలు ఎగిరితే నీళ్ళలో కాలు పెట్టడమే నిషేధం. దిగితే 500 డాలర్ల వరకు జరిమానా పడొచ్చు. జెండా ఏ రంగులో ఉన్నా సరే, నీళ్ళలోకి కట్టిన కాంక్రీటు పియర్ పక్కన ఈదనివ్వకండి. అల వచ్చి గోడకు తగిలి, ఆ గోడ వెంబడే లోపలికి లాగే ప్రవాహం పుడుతుంది. అలలున్న రోజున పియర్ మీద నడవడం కూడా వద్దు. పియర్ కొసన ఉండే లైట్‌హౌస్ దగ్గర ఫోటో కోసం వెళ్ళి కొట్టుకుపోయినవాళ్ళు ఉన్నారు.

మరి అలలు ఎక్కువగా ఉంటే పిల్లలు ఏం చేయాలి? ఈ తీరం గొప్పతనం అక్కడే ఉంది. పెద్ద సరస్సు పక్కనే దాదాపు ప్రతి చోటా ఒక చిన్న సరస్సు ఉంటుంది. లూడింగ్‌టన్‌కు హామ్లిన్ లేక్, స్లీపింగ్ బేర్‌కు నార్త్ బార్ లేక్, గ్లెన్ లేక్. ఇవి ఒడ్డు దగ్గర లోతు తక్కువ, వెచ్చన, ప్రశాంతం. అందుకే ఏ రోజుకైనా రెండు బీచ్‌లు మనసులో పెట్టుకోండి. పొద్దున లేచి నేషనల్ వెదర్ సర్వీస్ బీచ్ ఫోర్‌కాస్ట్ చూసి ఏది అన్నది అప్పుడు తేల్చుకోండి.

లూడింగ్‌టన్‌కు ఐ-96 మీద గ్రాండ్ రాపిడ్స్ దాటి, యూఎస్-31 మీదుగా పైకి వెళ్ళాలి. ఆగకుండా వెళితే మూడున్నర గంటల పైన. గ్రాండ్ రాపిడ్స్‌లో మన భోజనం, మన సరుకులు దొరుకుతాయి. పెరుగు, కూరగాయలు ఏమైనా కావాలంటే అక్కడే కొనేయండి, పైకి పోయేకొద్దీ ఆశ వదులుకోవాలి.

నా ఓటు అడిగితే, కుటుంబంతో వెళ్ళడానికి మిషిగన్‌లో లూడింగ్‌టన్‌ను మించిన స్టేట్ పార్కు లేదు. ఊరి నుంచి పార్కుకు వెళ్ళే ఎం-116 రోడ్డు చివరి కొన్ని మైళ్ళు ఒక పక్క ఇసుక దిబ్బలు, ఇంకో పక్క సరస్సు మధ్యలోంచి పోతుంది. గాలి ఇసుకను రోడ్డు మీదికి తోసుకొస్తుంటుంది. నచ్చిన చోట రోడ్డు వార బండి ఆపుకుని, తలుపు తీసి నాలుగడుగులు వేస్తే నీళ్ళు. నాన్నగారి మోకాళ్ళకు ఇంతకంటే సులువైన బీచ్ దొరకదు. మడత కుర్చీ వేసి కూర్చోబెట్టండి.

పార్కు లోపల హామ్లిన్ లేక్ నుంచి బిగ్ సేబుల్ నది బయలుదేరి మైలు దూరంలోనే పెద్ద సరస్సులో కలుస్తుంది. పిల్లలు ట్యూబుల మీద పడుకుని ఆ నదిలో తేలుకుంటూ వస్తుంటారు. చాలా చోట్ల అడుగు ఇసుక కనబడేంత తేట నీళ్ళు. మీ బాబుకు రోజంతా ఇదే చాలు. పాపకు హామ్లిన్ లేక్ బీచ్ సరిపోతుంది, చాలా దూరం వెళ్ళినా నడుము లోతు రాదు.

1867లో కట్టిన బిగ్ సేబుల్ లైట్‌హౌస్ ఈ పార్కులోనే ఉంది. 112 అడుగుల ఎత్తు, నలుపు తెలుపు పట్టీలు. కానీ కారు వెళ్ళదు, క్యాంప్‌గ్రౌండ్ నుంచి దాదాపు రెండు మైళ్ళు నడవాలి. వేసవిలో కొన్ని ప్రత్యేక రోజుల్లో బస్సు నడుపుతారు. మీరు వెళ్ళే రోజు ఉందేమో ముందే కనుక్కోండి. లేకపోతే మీరూ బాబూ వెళ్ళండి, పెద్దవాళ్ళను అంత దూరం ఇసుకలో నడిపించవద్దు. చాలా స్టేట్ పార్కుల్లో ఇసుక మీద నడిచే ట్రాక్ చైర్ ఉచితంగా ఇస్తారు. అది యుద్ధ ట్యాంకుకు ఉండే పట్టాలున్న బ్యాటరీ కుర్చీ. నాన్నగారు "నాకెందుకురా అది" అంటారు, ఎక్కాక దిగరు. ముందు రోజు పార్కు ఆఫీసుకు ఫోన్ చేసి అడిగి పెట్టుకోండి.

సాయంత్రం ఊళ్ళోని స్టెర్న్స్ పార్కు బీచ్‌కి రండి. విస్కాన్సిన్‌లోని మానిటవాక్ నుంచి నాలుగు గంటల ప్రయాణం చేసి ఎస్ఎస్ బాడ్జర్ అనే ఓడ కార్లనూ మనుషులనూ మోసుకుని ఈ ఊరి రేవుకు వస్తుంది. 1953లో మొదలైన ఓడ. అమెరికాలో ఇంకా బొగ్గుతో నడుస్తున్న ప్రయాణికుల ఓడ ఇదొక్కటే. రేవులోకి వచ్చి లంగరు వేసి, అంత పెద్ద ఓడా వెనక్కి తిరిగి, తోక ముందుగా గట్టుకు ఆనుకోవడం పిల్లలకూ తాతగారికీ ఒకేలా నచ్చుతుంది.

రెండో రోజు మానిస్టీ నుంచి ఎం-22 పట్టుకుని ఉత్తరానికి వెళ్ళండి. యూఎస్-31 తొందరగా తీసుకుపోతుంది, నిజమే, కానీ ఎం-22 సరస్సునూ ఊళ్ళనూ వదలకుండా తీసుకెళుతుంది. ఫ్రాంక్‌ఫోర్ట్ దాటాక పాయింట్ బెట్సీ లైట్‌హౌస్ ఉంటుంది. దీనికి నడక లేదు, రోడ్డు చివరే. పెద్దవాళ్ళకు లైట్‌హౌస్ చూపించిన తృప్తి ఇక్కడ తీర్చుకోవచ్చు.

స్లీపింగ్ బేర్ దగ్గర మనవాళ్ళు ఎక్కువగా తికమకపడేది పాస్ విషయంలో. ఇది స్టేట్ పార్కు కాదు. 1970లో ఏర్పాటైన నేషనల్ లేక్‌షోర్, ఫెడరల్ ప్రభుత్వానిది. స్టేట్ పార్కుల్లోకి వెళ్ళడానికి తీసుకునే మీ మిషిగన్ రిక్రియేషన్ పాస్‌పోర్ట్ ఇక్కడ చెల్లదు. కారుకు 25 డాలర్లు, ఏడు రోజులు పనిచేస్తుంది. నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఉంటే అదే చాలు. అమ్మగారు, నాన్నగారు 62 దాటినా సీనియర్ పాస్ రాదు, అది పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకూ మాత్రమే.

ముందు పియర్స్ స్టాకింగ్ సీనిక్ డ్రైవ్‌కి వెళ్ళండి. 7.4 మైళ్ళ వన్ వే, మధ్య మధ్యలో నంబర్లు వేసిన ఆగే చోట్లు ఉంటాయి. తొమ్మిదో నంబరు దగ్గర చెక్క వేదిక మీద నిలబడితే, కింద 450 అడుగుల లోతున నీలం, ఆకుపచ్చ కలిసిన నీళ్ళు. ఇసుక నిట్టనిలువుగా జారుతుంది. అక్కడ పెద్ద బోర్డు ఉంటుంది: దిగడం నిమిషాల పని, ఎక్కడం గంటల పని, రక్షించడానికి మనుషుల్ని పిలిస్తే ఖర్చు మీదే అని. ఆ బోర్డు పక్కనుంచే కుర్రాళ్ళు నవ్వుకుంటూ దూకుతారు. కాసేపటికి కింద చూస్తే చేతులూ కాళ్ళూ రెండూ ఇసుకలో పెట్టి, అయిదడుగులు పాకి, రెండడుగులు జారి, బోర్లా పడుకుని ఒగరుస్తుంటారు. నీళ్ళ సీసా పైనే కారులో ఉండిపోయి ఉంటుంది. మీ బాబు మారాం చేస్తాడు. ఒప్పుకోకండి.

వాడి సరదా తీర్చడానికి డ్యూన్ క్లైంబ్ ఉంది. పార్కింగ్ పక్కనే పెద్ద ఇసుక కొండ, కింద బల్లలు, బాత్రూములు. పెద్దవాళ్ళు కింద కూర్చుని మనవళ్ళు ఎక్కి దొర్లడం చూడొచ్చు. ఒక్క మాట గుర్తుంచుకోండి. మొదటి శిఖరం ఎక్కగానే అవతల లేక్ మిషిగన్ ఉంటుందనుకుంటారు. ఉండదు. ఇంకో దిబ్బ, దాని వెనక ఇంకో దిబ్బ. నీళ్ళ దాకా వెళ్ళి రావడం 3.5 మైళ్ళు, ఇసుకలో మూడు నాలుగు గంటలు పడుతుంది. పైకెక్కి వెనక్కి తిరిగి గ్లెన్ లేక్ చూసి దిగిపోండి. మధ్యాహ్నం ఇసుక కాలుతుంది కాబట్టి పొద్దున తొమ్మిది లోపు గానీ, సాయంత్రం ఆరు తర్వాత గానీ వెళ్ళండి.

పాప కోసం నార్త్ బార్ లేక్. ఒక సన్నటి ఇసుక కట్ట దీన్ని పెద్ద సరస్సు నుంచి వేరుచేస్తుంది. మధ్యలో చిన్న పాయ, పిల్లల మోకాళ్ళ లోతు, రెండు నీళ్ళనూ కలుపుతుంది. ఈ పక్క గోరువెచ్చగా, ఆ పక్క చలిగా ఉంటుంది. పిల్లలు ఆ పాయలో అటూ ఇటూ పరుగులు పెడుతూ ఇంటికి రానంటారు. పార్కింగ్ చాలా చిన్నది, పది దాటితే చోటు దొరకడం కష్టం. ఒడ్డున తాళ్ళు కట్టి ఉంటే దాటకండి. పైపింగ్ ప్లోవర్ అనే చిన్న పిట్టలు ఇసుకలోనే గుడ్లు పెడతాయి. 1986 నుంచి ఇవి అంతరించిపోతున్న జాతుల జాబితాలో ఉన్నాయి.

రాత్రి పిల్లలకు స్లీపింగ్ బేర్ అన్న పేరు వెనకున్న కథ చెప్పండి. ఇది ఇక్కడి ఆదివాసులైన అనిషినాబె ప్రజలది. విస్కాన్సిన్ అడవిలో నిప్పంటుకుంటే తల్లి ఎలుగు, రెండు పిల్లలు సరస్సులో పడి ఈదాయి. తల్లి ఈ ఒడ్డు చేరింది, పిల్లలు చేరలేదు. ఒడ్డున ఎదురుచూస్తూ పడుకున్న తల్లి ఇసుక దిబ్బ అయింది, మునిగిన పిల్లలు ఎదురుగా కనబడే రెండు మానిటూ ద్వీపాలయ్యాయి. సీనిక్ డ్రైవ్ మీద ఎలుగు దిబ్బనూ, ఆకాశం తేటగా ఉంటే దీవులనూ చూపించాకే కథ చెప్పండి, పట్టుకుంటుంది.

మూడో రోజు ఓపిక ఉంటే లీలాండ్‌లోని ఫిష్‌టౌన్, పాత చేపల షెడ్ల మధ్య కాసేపు తిరగడానికి బాగుంటుంది. చెర్రీ తోటల కాలం ఆగస్టు మొదటికి చివరికొస్తుంది కానీ రోడ్డు పక్క బడ్డీల్లో పళ్ళు ఇంకా దొరుకుతుంటాయి.

నాలుగో రోజు పెటోస్కీ స్టేట్ పార్కు. ఇక్కడ ఆట రాళ్ళు ఏరడం. పెటోస్కీ రాయి అంటే 35 కోట్ల ఏళ్ళకు మునుపు ఇక్కడున్న వెచ్చటి సముద్రంలోని పగడం, రాయిగా మారింది. 1965 నుంచి మిషిగన్ రాష్ట్ర శిల. పొడిగా ఉంటే మామూలు బూడిదరంగు గులకరాయే, ఎవరూ పట్టించుకోరు. తడిపితే ఒంటినిండా ఆరు పలకల గళ్ళు, ఒక్కో గడి నడుమ నల్లటి చుక్క తేలి వస్తాయి. అందుకే పొడి రాళ్ళలో వెతక్కుండా, నీళ్ళు వచ్చి తాకే అంచు వెంబడి నడుస్తూ చూడాలి. మనిషికి ఏడాదికి 25 పౌండ్ల వరకు స్టేట్ పార్కుల నుంచి తీసుకుపోవచ్చు. స్లీపింగ్ బేర్‌లో మాత్రం ఒక్క రాయి కూడా తీయకూడదు, ఫెడరల్ చట్టం. పిల్లల జేబులు ముందే చూసుకోండి.

అయిదో రోజు మాకినా ద్వీపం. దాని గురించి అందరూ రాస్తారు కాబట్టి క్లుప్తంగా. 1898 నుంచి అక్కడ కార్లు లేవు. నాన్నగారికి గుర్రపు బండి, మీకు సైకిళ్ళు. దీవి చుట్టూ రోడ్డు 8.2 మైళ్ళు, చదునుగా ఉంటుంది. మొదటి ఫెర్రీకే వెళ్ళి మధ్యాహ్నం రెండు మూడు గంటలకల్లా తిరిగి వచ్చేస్తే రాత్రికి ఇల్లు చేరతారు. అమ్మగారు అలసిపోతే ఫెర్రీ మానేసి, వంతెన మీద అవతలికి వెళ్ళి రండి. అయిదు మైళ్ళ వంతెన, 1957లో తెరిచారు, టోల్ 4 డాలర్లు. తప్పేమీ లేదు.

మీ అద్దె వ్యాన్ గురించి ఒక ముఖ్యమైన మాట. రిక్రియేషన్ పాస్‌పోర్ట్ మనిషికి కాదు, బండి నంబర్ ప్లేటుకు వర్తిస్తుంది. మీ సొంత కారు రిజిస్ట్రేషన్‌తో పాటు కట్టిన పాస్ అద్దె బండికి పనికిరాదు. పైగా ఆ వ్యాన్‌కు ఒహాయో ప్లేటో, ఫ్లోరిడా ప్లేటో ఉంటే బయటి రాష్ట్రాల రేటు కట్టాలి, అది రోజుకు పది డాలర్ల పైనే. అద్దె కౌంటర్ దగ్గర మిషిగన్ ప్లేటున్న బండి ఉందా అని అడగడంలో మొహమాటం వద్దు.

భోజనం సంగతి: పగటి పూట పార్కుల్లో బల్లలు, బొగ్గుల గ్రిల్‌లు ఉంటాయి. పులిహోర, పెరుగన్నం పెట్టుకుంటే పని తేలిక. అయితే డబ్బా మూత తీసి పక్కకు తిరిగారా, సీగల్స్ వచ్చి ఎత్తుకుపోతాయి. రాత్రి భోజనం బీచ్‌లోనే పెట్టుకోండి. మిషిగన్ ఈస్టర్న్ టైమ్ జోన్‌కు పడమటి కొసన ఉంది కాబట్టి ఆగస్టు మొదట్లో సూర్యుడు తొమ్మిది దాటాక గానీ అస్తమించడు. కొత్తపట్నంలో సముద్రంలోంచి పైకొచ్చే సూర్యుణ్ణి చూసిన నాన్నగారు ఇక్కడ నీళ్ళలోకి దిగే సూర్యుణ్ణి చూస్తారు. సూర్యుడు దిగిన వెంటనే చలి మొదలవుతుంది. శాలువా, స్వెటర్ కారులో కాదు, చేతిలోనే ఉండాలి.

తూర్పు, దక్షిణపు గాలి వీచే రోజుల్లో ఒడ్డు నిండా ఈగలు చేరతాయి. చూడ్డానికి మన ఇంటి ఈగలే, కానీ చీలమండల దగ్గర సూదిలా కుడతాయి. దోమల స్ప్రేకు పెద్దగా లొంగవు. పొడుగు ప్యాంటు, సాక్సులు వేసుకోవడమో, ఆ పూట లోపలి సరస్సుకు మారిపోవడమో చేయాలి. దిబ్బల గడ్డిలో, అడవి బాటల్లో నడిచి వస్తే పిల్లల కాళ్ళు, మెడ, చెవుల వెనక గోమార్లు అంటుకున్నాయేమో రాత్రి స్నానం చేయిస్తూ చూడండి, ఈ పక్క లైమ్ జ్వరం తెచ్చే రకం ఉంది. మూడు ఆకుల గుత్తులుగా పెరిగే పాయిజన్ ఐవీని ముట్టుకోనివ్వకండి.

క్యాంపింగ్ గురించి కూడా అడిగారు. స్టేట్ పార్కు సైట్లు ఆరు నెలల ముందు తెరుస్తారు, ఆగస్టువి తెరిచిన పూటే అయిపోతాయి. ఎవరైనా రద్దు చేసుకుంటే ఒకటీ అరా కనిపిస్తుంటాయి. కానీ మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషిని రాత్రి బాత్రూము కోసం టార్చి పట్టుకుని నడిపించడం నాకైతే ఇష్టం లేదు. హోటల్‌లో కింది అంతస్తు గది అడిగి తీసుకోండి. ముందు ఎంపైర్, ట్రావర్స్ సిటీ వైపు రెండు రాత్రులు బుక్ చేయండి, అవే తొందరగా నిండేవి. లూడింగ్‌టన్, మాకినా సిటీ ఆ తర్వాత చూసుకోవచ్చు. ఎంపైర్ చుట్టుపక్కల సిగ్నల్ సరిగా ఉండదు, మ్యాపులు హోటల్ వైఫైలో ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పెద్దవాళ్ళ మందులు, విజిటర్ ఇన్సూరెన్స్ కార్డు ఒకే సంచిలో పెట్టుకోండి. ఆ ప్రాంతానికి పెద్ద ఆసుపత్రి ట్రావర్స్ సిటీలోనే ఉంది. ఏ తేదీలన్నది ఖాయమయ్యాక రాయండి, లైట్‌హౌస్ బస్సు ఆ వారంలో ఉందో లేదో చూసి చెబుతాను.